‘టు’, ‘ఫ్రమ్’, ‘ఫర్’: క్రియ పక్కన నిలిచే చిన్న మాట

రాష్ట్ర శాసనసభ ఆమోదించిన బిల్లు రాజ్‌భవన్‌కు చేరిన తరువాత గవర్నరు ముందున్న దారులేవో రాజ్యాంగంలోని 200వ అధికరణం ఒకే వాక్యంలో చెబుతుంది. బిల్లుకు ఆమోదం తెలపవచ్చు. బిల్లు నుంచి ఆమోదాన్ని ఆపి ఉంచవచ్చు. రాష్ట్రపతి పరిశీలన కోసం బిల్లును అట్టిపెట్టవచ్చు. ఆంగ్ల మూలంలో ఈ మూడు దారులకూ మూడు క్రియలున్నాయి; ఒక్కో క్రియ వెంట ఒక్కో చిన్న మాట ఉంది. ‘అసెంట్’ పక్కన ‘టు’, ‘విత్‌హోల్డ్’ పక్కన ‘ఫ్రమ్’, ‘రిజర్వ్’ పక్కన ‘ఫర్’. ‘ఫ్రమ్’ మాత్రం మూలంలో నేరుగా కనిపించదు. ‘దేర్‌ఫ్రమ్’ అన్న పాత చట్టభాష ముసుగులో ఉంటుంది.

ఈ మూడింటిలో మధ్యదే తగాదాల పుట్ట. 2023లో తెలంగాణ ప్రభుత్వం పది బిల్లులు గవర్నరు వద్దే నిలిచిపోయాయంటూ సుప్రీంకోర్టు గడప తొక్కింది. ‘వీలైనంత త్వరగా’ అన్న మాట రాజ్యాంగంలో ఊరికే రాలేదని గుర్తుచేసి ధర్మాసనం ఆ పిటిషన్‌ను ముగించింది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్ 8న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం మరింత ముందుకు వెళ్లి గడువులు విధించింది. పది బిల్లులకు ఆమోదం లభించినట్టే భావించాలంది. అదే ఏడాది నవంబరులో రాష్ట్రపతి కోరిన అభిప్రాయం చెబుతూ అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గడువులను, ఆమోదం వచ్చినట్టే భావించడాన్ని అంగీకరించలేదు. అయితే ఆమోదాన్ని ఆపి, బిల్లును తిప్పి పంపకుండా దాని మీద కూర్చునే హక్కు గవర్నరుకు లేదనీ చెప్పింది. ఇంతటి వివాదం ఒక్క ప్రిపొజిషన్ వల్లనే పుట్టిందనడం అతిశయోక్తి. కానీ రాజ్యాంగ రచయితలు ‘నిరాకరించు’ అన్న క్రియను వాడలేదు. ఒకదాని ‘నుంచి’ మరొకదాన్ని పట్టి ఉంచే క్రియను వాడారు. పట్టి ఉంచినది ఎంతకాలం పట్టి ఉంచవచ్చు, చివరకు ఎవరికి అప్పగించాలి అన్న ప్రశ్న ఆ క్రియలోనే దాగి ఉంది. నిరాకరణకు ఆ ప్రశ్న ఉండదు.

ఇంగ్లీషు రాయడం నేర్చుకునే తెలుగువారిని అన్నింటికంటె ఎక్కువ వేధించేది ఈ చిన్న మాటే. కాలాలు పట్టుబడతాయి, కర్మణి ప్రయోగం పట్టుబడుతుంది, ‘ఎ’, ‘ద’ కూడా ఏదో ఒకనాటికి దారికి వస్తాయి. క్రియ వెంట ఏ ప్రిపొజిషన్ రావాలన్నది మాత్రం ముప్పై ఏళ్లు ఇంగ్లీషులో దస్త్రాలు నడిపిన అధికారిని కూడా కలం ఆపి ఆలోచించేలా చేస్తుంది. అందుకు కారణం తెలివితక్కువతనం కాదు. తెలుగువాడికి ఈ పని చేసే విభక్తి నామానికి తోకగా అతుక్కుని వస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం దగ్గరి నుంచి బడిపిల్లలు వల్లించిన డు, ము, వు, లు, నిన్, నున్, చేతన్, చేన్, తోడన్, తోన్ అన్న వరుస అంతా నామం వెనకాల నడిచేదే. ‘సమావేశానికి హాజరయ్యారు’ అన్నప్పుడు ఆ ‘కి’ తప్పనిసరి. దాన్ని ఇంగ్లీషులోకి మోసుకుపోయినవాడు ‘అటెండెడ్ టు ద మీటింగ్’ అని రాస్తాడు. ఇంగ్లీషులో ‘అటెండ్’ పక్కన ‘టు’ చేరితే సమావేశానికి వెళ్లడం కాదు, ఒక పనిని లేదా రోగిని చూసుకోవడం. ‘అతడి మీద కోపం’ నుంచి ‘యాంగ్రీ ఆన్ హిమ్’ పుడుతుంది. ‘ఆమెతో పెళ్లి’ నుంచి ‘మ్యారీడ్ విత్ హర్’ పుడుతుంది. ‘ఊరికి చేరాడు’ నుంచి ‘రీచ్‌డ్ టు ద విలేజ్’ పుడుతుంది. ఇవన్నీ తెలుగు వ్యాకరణాన్ని నమ్మకంగా పాటించినందుకు ఇంగ్లీషులో పడిన శిక్షలు.

మరో రకం పొరపాటుకు తెలుగుతో సంబంధం లేదు. ఇంగ్లీషే పన్నిన వల అది. ఆ భాషలో నామానికి ప్రిపొజిషన్ కావాలి, అదే రూపంలోని క్రియకు అక్కరలేదు. ‘ఎ రిక్వెస్ట్ ఫర్ ఇన్ఫర్మేషన్’ ఒప్పు. ‘ఐ రిక్వెస్ట్ ఫర్ ఇన్ఫర్మేషన్’ తప్పు. ‘ఎ డిస్కషన్ అబౌట్ ద బడ్జెట్’ ఒప్పు; ‘డిస్కస్‌డ్ అబౌట్ ద బడ్జెట్’ తప్పు. ‘ఎంఫసిస్ ఆన్’ ఒప్పు, ‘ఎంఫసైజ్ ఆన్’ తప్పు. డిమాండ్, అటాక్, విజిట్, ఆన్సర్, కాంటాక్ట్... ఈ వరుస చాలా పొడవు. నామంగా ఉన్నప్పుడు ఆసరా కోరే మాట క్రియగా మారగానే తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఈ ఒక్క సంగతి తొమ్మిదో తరగతిలో చెబితే, ఆ తరువాత పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాల్లో అమ్ముడయ్యే ‘తప్పులు కనిపెట్టండి’ పుస్తకాల్లో సగం పేజీలు అనవసరమవుతాయి.

అయితే ఇక్కడొక అన్యాయం జరుగుతోంది. ‘డిస్కస్ అబౌట్’ అన్న జిల్లా విలేకరిని, ఎమ్మెల్యేను, సర్పంచిని చూసి నవ్వే అలవాటు మహానగరాల ఇంగ్లీషు వర్గానికి ఉంది. టీవీ చర్చల్లో ప్రాంతీయ పార్టీ ప్రతినిధి నోట అలాంటి మాట దొర్లితే దాన్ని కత్తిరించి సామాజిక మాధ్యమాల్లో తిప్పుతారు. ఆ ‘అబౌట్’ వల్ల ఎవరికీ నష్టం లేదు. అర్థం చెడలేదు, హక్కు పోలేదు, అధికారం చేతులు మారలేదు. తప్పు తప్పే, నేర్చుకుంటే దిద్దుకోవచ్చు. పైగా ఇంగ్లీషు వాళ్లలోనే ఏకాభిప్రాయం లేని చోట్లున్నాయి. తీర్పు మీద అప్పీలుకు బ్రిటన్‌లో ‘అగెనెస్ట్’ కావాలి, అమెరికా పత్రికలకు ఏ మాటా అక్కరలేదు. భారత రాజ్యాంగం 132వ అధికరణం హైకోర్టు తీర్పు ‘నుంచి’ సుప్రీంకోర్టు ‘కు’ అప్పీలు ఉంటుందంటూ ‘ఫ్రమ్’, ‘టు’ వాడింది. ముగ్గురూ సరైనవారే. నవ్వవలసిన చోట నవ్వకుండా, వణకవలసిన చోట వణకకుండా ఉండడమే అసలు సమస్య. అర్థాన్ని తారుమారు చేసే ప్రిపొజిషన్లు మంచి సూటు వేసుకుని, మంచి ఉచ్చారణతో, అధికార పత్రాల్లోకి వచ్చి కూర్చుంటాయి.

‘కన్సల్ట్’ కథ అలాంటిదే. న్యాయమూర్తుల నియామకం గురించి చెప్పే 124వ అధికరణంలో ‘కన్సల్టేషన్ విత్’ అన్న మాట ఉంది. రాజ్యాంగ సభలో దాన్ని మార్చి ప్రధాన న్యాయమూర్తి సమ్మతిని తప్పనిసరి చేయాలన్న సూచన వచ్చినప్పుడు, 1949 మే 24న అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ప్రధాన న్యాయమూర్తి ఎంత గొప్పవాడైనా అందరిలాంటి మనిషేనని, ఆయనకు వీటో అధికారం ఇవ్వడం ప్రమాదకరమని వాదించారు. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో సుప్రీంకోర్టు సంప్రదింపు అంటే సంప్రదింపే, సమ్మతి కాదంది. 1993లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తిరగరాసి ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానికే పైచేయి ఇచ్చింది. కొలీజియం వ్యవస్థ అక్కడి నుంచి వచ్చింది. న్యాయవ్యవస్థ స్వాతంత్ర్యానికి అది మేలు చేసిందా లేదా అన్నది వేరే చర్చ. భాష వరకు చూస్తే రాజ్యాంగ రచయితలకు రెండు మాటల మధ్య తేడా తెలియదనడానికి వీలు లేదు. 370వ అధికరణంలో ఒకే ఉపనిబంధన కింద, రెండు వరుస పంక్తుల్లో, ఒకచోట ‘ఇన్ కన్సల్టేషన్ విత్’ అనీ మరోచోట ‘విత్ ద కంకరెన్స్ ఆఫ్’ అనీ రాశారు. మొదటిదాంట్లోని ‘విత్’ ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెడుతుంది. చివరి మాట ఎవరిదో చెప్పదు. రెండోదాంట్లోని ‘ఆఫ్’ సమ్మతిని ఎదుటివారి సొత్తుగా చేస్తుంది. వారు ఇవ్వకపోతే పని ఆగుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాసులు ఈ తేడాను పుస్తకంలో కాదు, అనుభవంలో నేర్చుకున్నారు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు సంబంధించిన 3వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి బిల్లును శాసనసభ ‘కు’ పంపాలి. సభ దాని ‘మీద’ అభిప్రాయాలు తెలపాలి. ‘రిఫర్ టు’, ‘వ్యూస్ దేర్‌ఆన్’. అభిప్రాయం ఒకదాని మీద చెప్పేది. ఆమోదం ఒకదానికి ఇచ్చేది. రాజ్యాంగం మొదటిదే అడిగింది, రెండోది అడగలేదు. 2014 జనవరి 30న శాసనసభ మూజువాణి ఓటుతో విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించాయి. సభ తిరస్కరించిన తరువాత బిల్లు ఎలా ముందుకు వెళుతుందని ఆ రోజుల్లో ఆవేశంగా అడిగినవారికీ, సభ అభిప్రాయానికి విలువే లేదని వెటకారం చేసినవారికీ సమాధానం ఆ ‘ఆన్’లోనే ఉంది. అలా ఉండడం సమాఖ్య స్ఫూర్తికి తగినదా అన్నది మరో ప్రశ్న. దాన్ని అడగవలసింది మాత్రం 3వ అధికరణాన్ని.

దేశాల మధ్య కుదిరే పత్రాల్లో ఈ మాటలు మరింత పదునెక్కుతాయి. 2009 జులై 16న ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో మన్మోహన్ సింగ్, పాకిస్థాన్ ప్రధాని యూసుఫ్ రజా గిలానీ విడుదల చేసిన సంయుక్త ప్రకటన ఇందుకు మంచి ఉదాహరణ. ముంబై దాడులు జరిగి ఎనిమిది నెలలైనా నిండలేదు. ఉగ్రవాదంపై చర్యను సమగ్ర చర్చల ప్రక్రియకు ముడిపెట్టరాదని, ఈ రెండింటినీ ఒకే గాటన కట్టరాదని ఆ ప్రకటన పేర్కొంది. ఇంగ్లీషులో ‘లింక్‌డ్ టు’. ‘లింక్ విత్’ అంటే రెండు వస్తువులు పరస్పరం కట్టి ఉన్నట్టు. ‘లింక్ టు’లో దిశ ఉంటుంది, దూడను గుంజకు కడతారు, గుంజను దూడకు కాదు. చర్చలు జరిగితేనే ఉగ్రవాదులపై చర్య తీసుకుంటామని పాకిస్థాన్ అనకూడదన్నది భారత ప్రభుత్వం చెప్పుకున్న అర్థం. ‘టు’ ఒక్కటే ఉంటే ఆ అర్థం నిలబడేది. దాని వెంటనే వచ్చిన ‘ఒకే గాటన’ అన్న ముక్క దిశను తుడిచివేసింది. చర్య తీసుకోకపోయినా చర్చలు సాగవలసిందేనన్న పాకిస్థాన్ భాష్యానికి తలుపు తెరుచుకుంది. పార్లమెంటులో దుమారం రేగింది. జులై 29న ప్రధాని లోక్‌సభలో వివరణ ఇవ్వవలసి వచ్చింది. ముసాయిదా రచన సరిగా లేకపోయి ఉండవచ్చన్న మాట విదేశాంగ కార్యదర్శి శివశంకర్ మేనన్ నుంచే వచ్చినట్టు పత్రికలు రాశాయి. దక్షిణాసియాలో ఇంగ్లీషును అత్యంత జాగ్రత్తగా రాసే కార్యాలయాల్లో భారత విదేశాంగ శాఖ ఒకటి. అక్కడే ఇలా జరిగితే, మండల కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు రాసే రైతు కొడుకును చూసి నవ్వడం ఏం న్యాయం?

పత్రికా కార్యాలయాల సంగతీ చెప్పుకోవాలి. ఇంగ్లీషు వార్తను తెలుగు చేసే బల్ల దగ్గర క్రియనొక్కదాన్నే చూసి ప్రిపొజిషన్‌ను వదిలేస్తే వార్త తలకిందులవుతుంది. మంత్రి గవర్నరును ‘కాల్‌డ్ ఆన్’ అంటే మర్యాదపూర్వకంగా కలిశారని. ఏదో ఒకదానికి ‘కాల్‌డ్ ఫర్’ అంటే డిమాండు చేశారని. ‘కాల్‌డ్ ఆఫ్’ అంటే విరమించారని. ఇవి పొరపడినా నవ్వుకుని మరుసటి రోజు సవరణ వేసుకోవచ్చు. నేరవార్తల్లో ఆ వెసులుబాటు లేదు. ‘అక్యూజ్‌డ్ ఆఫ్’ దగ్గర ఆరోపణ మాత్రమే ఉంది, ఎవరైనా చేయవచ్చు. ‘చార్జ్‌డ్ విత్’ దగ్గరికి వచ్చేసరికి అభియోగం అధికారికంగా నమోదైంది. ‘కన్విక్టెడ్ ఆఫ్’ అంటే న్యాయస్థానం దోషిగా తేల్చింది. ‘క్వశ్చన్‌డ్ ఇన్ కనెక్షన్ విత్’ అన్నది వీటన్నింటికంటె ఎంతో వెనక ఉన్న మెట్టు. సాక్షిని కూడా అలాగే ప్రశ్నిస్తారు. తెలుగు శీర్షికలో ఈ నాలుగు మెట్లూ ‘కేసులో ఇరుక్కున్న’ అన్న ఒక్క మాటలో కలిసిపోయిన రోజు ఒక మనిషి పరువు పోతుంది.

తెలుగు పత్రికాభాషలోకి ఇంగ్లీషు ప్రిపొజిషన్లు దొంగదారిన వచ్చి చేరడం మరో చోద్యం. ‘విషయాన్ని చర్చించారు’ అనేవారు. ఇప్పుడు ప్రతిదీ ‘పై’నే: బడ్జెట్‌పై చర్చ, నేతపై ఆగ్రహం, రైతులపై ప్రేమ. ‘వర్షాల వల్ల పంట పోయింది’ అనవలసిన చోట ‘వర్షాలతో పంట నష్టం’ అని శీర్షిక. ‘పిడుగుపాటుతో’ మరణించినవాడు పిడుగును వెంటబెట్టుకుని పోయినట్టు ఉంటుంది. ‘మంత్రి ద్వారా ప్రారంభించబడింది’ అన్న వాక్యంలో మంత్రి కిటికీ అయిపోయాడు. సొంత భాషలో క్రియకూ విభక్తికీ ఉన్న చుట్టరికాన్ని పట్టించుకోనివారికి పరాయి భాషలోని చుట్టరికం ఎలా కనిపిస్తుంది?

దీనికి మందు కొత్తది కాదు. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ 1942లో టోక్యోలో తన నిఘంటువు మొదటి రూపాన్ని ప్రచురించినప్పుడే ప్రతి క్రియ ఏ నిర్మాణాన్ని కోరుతుందో చూపించాడు. ఆక్స్‌ఫర్డ్ అభ్యాసకుల నిఘంటువుగా ఈనాడు ప్రపంచమంతా వాడేది దాని వారసురాలే. విదేశీ విద్యార్థికి అర్థం ఒక్కటే చాలదని, మాట నడవడిక కూడా కావాలని ఆయన గ్రహించాడు. హైదరాబాదులో 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడింది. అదే ఇప్పటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. ఆంగ్లబోధన మీద ఇన్ని దశాబ్దాల అనుభవమున్న నగరం చుట్టూ ఉన్న బడుల్లో నేటికీ ప్రిపొజిషన్లను విడి జాబితాగా వల్లె వేయిస్తున్నారు: ‘ఇన్’ అంటే లో, ‘ఆన్’ అంటే మీద, ‘ఎట్’ అంటే వద్ద. ఈ జాబితాతో పెట్టెలో పుస్తకం, బల్ల మీద కలం గురించి రాయవచ్చు. ‘అగ్రీ విత్’ ఒక మనిషితో, ‘అగ్రీ టు’ ఒక ప్రతిపాదనకు, ‘అగ్రీ ఆన్’ ఇరుపక్షాలూ ఒక అంశం మీద అని మాత్రం అది చెప్పదు. క్రియను నేర్పినప్పుడే దాని తోడును కూడా కలిపి, ఒకే మాటగా నేర్పాలి. అనుమానం వచ్చినప్పుడు తెలుగు విభక్తిని కాక నిఘంటువును అడిగే అలవాటు చేయాలి. పోటీ పరీక్షల ప్రశ్నపత్రాలు కూడా ‘ప్రిఫర్’ తరువాత ‘టు’యా ‘దాన్’యా అని అడగడం మాని, ‘రెస్పాన్సిబుల్ టు’కూ ‘రెస్పాన్సిబుల్ ఫర్’కూ తేడా ఏమిటో అడిగితే రేపటి అధికారులకు పనికివస్తుంది.

ఆ తేడా చిన్నది కాదు. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుందని 75వ అధికరణం అంటుంది; అక్కడ ఉన్నది ‘టు’. ఎవరికి జవాబు చెప్పాలన్నది ‘టు’. దేనికి జవాబు చెప్పాలన్నది ‘ఫర్’. తెలుగులో ‘బాధ్యత’ అన్న ఒకే మాట రెండింటినీ మోస్తోంది కాబట్టి ఏదైనా దుర్ఘటన జరిగిన ప్రతిసారీ వాదన గాడి తప్పుతుంది. మంత్రి రాజీనామా చేయాలని ప్రతిపక్షం అంటే, రైలు నడిపింది మంత్రా అని అధికారపక్షం ఎదురడుగుతుంది. మొదటివారు ‘టు’ గురించి మాట్లాడుతున్నారు, రెండోవారు ‘ఫర్’ గురించి. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ వద్ద ఘోర రైలు ప్రమాదం జరిగినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వజూపారు; నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాట అరియలూరు ప్రమాదం తరువాత మళ్లీ ఇచ్చారు. ఈసారి ఆమోదించిన నెహ్రూ, ఈ ప్రమాదానికి శాస్త్రి ఏ విధంగానూ బాధ్యుడు కాడని, రాజ్యాంగ ఔచిత్యం దృష్ట్యా ఆమోదిస్తున్నానని పార్లమెంటుకు స్పష్టంగా చెప్పారు. ఆ రెండు చిన్న మాటల మధ్య దూరాన్ని భారత పార్లమెంటు అంత సూటిగా విన్న సందర్భాలు అరుదు.

మాటకు ఏ విభక్తి పడుతుందో దాన్నిబట్టి చరిత్రే మారే చోటు మరొకటుంది. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదులో జరిగినదాన్ని కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి విమోచనంగా జరుపుతోంది. విమోచనం ఎవరి ‘నుంచి’ అన్న ప్రశ్నను వెంట తెస్తుంది, జవాబు నిజాం. విలీనం అనేవారున్నారు, అది ఎందు‘లో’ అని అడుగుతుంది, జవాబు భారతదేశం. 2022లో నాటి తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. సమైక్యత ఎవరి‘తో’ అని అడుగుతుంది, అందులో ఓడినవాడు ఉండడు. ఒకే రోజు, ఒకే పరేడు, మూడు చిన్న మాటలు. ఒక్కోదాని వెనక ఒక్కో పార్టీ ఓట్ల లెక్క. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఆ తేదీకి ప్రజాపాలన దినోత్సవమని పేరు పెట్టింది. ఎవరి నుంచి, ఎందులో, ఎవరితో అన్న ప్రశ్నలకు ఆ పేరులో చోటే లేదు.